బిడ్డ తొందరపడలేదు

నాకు కాన్పుల పని నేర్పిన మా మేడం పోయారన్న కబురు తాడేపల్లిగూడెంలో నేను ఓపీ చూస్తుండగా వచ్చింది. ఎదురుగా ఒక గర్భిణి చేతికి బీపీ పట్టీ కట్టించుకుని కూర్చుని ఉంది. ఫోన్లో మేడం తమ్ముడు. "అక్క పొద్దున్న వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే. ముందు నీకే చెప్పమంది" అన్నారు. నిద్రలో పోయిన మనిషి నాకు చెప్పమనడం ఏమిటో ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత ఆయనే చెప్పారు. జబ్బు ముదిరిన రోజుల్లోనే మేడం తనతో చెప్పి ఉంచారట: "ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. పేషెంట్లని వదిలేసి పరిగెత్తుకు రావద్దను. కూర్చున్నవాళ్లందర్నీ చూసి రమ్మను." అలాగే అందర్నీ చూసి వెళ్లాను. ఆవిడ మాట కాదనే ధైర్యం ఆవిడ ఉన్నప్పుడూ నాకు లేదు.

అంతవరకూ దుఃఖమే. కోపం మర్నాడు మొదలైంది.

మేడం చాలా ఏళ్లు పనిచేసిన ఏలూరు ప్రైవేటు ఆస్పత్రి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో మేడం ఫొటో, చుట్టూ పూలు. పక్కనే చేతులు జోడించిన చైర్మన్ గారి ఫొటో, మేడం ఫొటో కన్నా కాస్త పెద్దది. "నెలలు నిండని కాన్పులను ముందే కనిపెట్టే పరిశోధనకు మా ఆస్పత్రిలో ప్రాణం పోసిన మాతృమూర్తికి కన్నీటి నివాళి" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ పరిశోధన పీక నొక్కింది ఆ ఆస్పత్రే. ఆవిడ గదికి తాళం వేయమని చెప్పింది ఆ ఫొటోలో చేతులు జోడించిన పెద్దమనిషే. మేడంతో పనిచేసిన మాకు ఇది తెలుసు. తెలియనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను. రాస్తే అందరూ పేరు గురించే కొట్టుకుంటారు, జరిగిన పని గురించి ఎవరూ మాట్లాడరు.

మేడం తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారుల ఇంట్లో పుట్టారు. తన గొంతు వేలంపాట గొంతని ఆవిడే చెప్పుకుని నవ్వేవారు. లేబర్ రూమ్‌లో ఆవిడ మాట్లాడితే గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినపడేది. నేను ఏలూరులో బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం పిల్లని. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో, తెల్లకోట్లు కుట్టించుకోవడానికి మా నాన్న షాపుకి వచ్చారు. కొలతలు అయిపోయాక మా నాన్నతో పేచీ పెట్టుకున్నారు.

"ఏవండీ, మగవాళ్ల బట్టలకి అన్నన్ని జేబులు పెడతారు. ఆడవాళ్లకి మాత్రం ఒక్కటీ పెట్టరేంటండీ? మాకు చేతులు ఖాళీగా ఉండక్కర్లేదా?"

మా నాన్న నవ్వి, ఆవిడ కోటుకి లోతైన జేబులు పెట్టి ఇచ్చారు. వాటినిండా నిమ్మ బిళ్లలు ఉండేవి, నొప్పులు పడుతున్న తల్లుల నోరు ఎండిపోకుండా. పరీక్ష చేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి, "చెయ్యనా అమ్మా?" అని అడిగేవారు. వాళ్లు తలూపేదాకా ముట్టుకునేవారు కాదు. జూనియర్లం మేము అడగడం మర్చిపోతే ఆ వేలంపాట గొంతు మా మీద పడేది. వార్డు అంతా వినేలా తిట్టేవారు. ఆవిడ మెత్తని మనిషని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ఆవిడకి ఒక మాట అసలు పడేది కాదు. మన వైపు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కాన్పు అయిపోతే "బిడ్డ తొందరపడి పుట్టేశాడు" అంటాం కదా. ఎవరైనా అలా అనగానే మేడం పని ఆపేసేవారు. "బిడ్డ తొందరపడలేదు. మనం ఆలస్యం చేశాం" అనేవారు. కేసు షీట్లో మేము "కారణం తెలియదు" అని రాస్తే కొట్టేయించి, "వెతకలేదు అని రాయండి. అదీ నిజం" అనేవారు.

ఆ వెతుకులాట ఎలా మొదలైందో నేను కళ్లారా చూశాను.

కలిదిండి వైపు నుంచి నాగమణి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ల దగ్గర నిలబడి రొయ్యల తలలు వలిచే పని. తొలి కాన్పు, ఏడో నెల. నడుం లాగేస్తోందని, పొట్ట మాటిమాటికీ బిగుసుకుపోతోందని దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళితే, గ్యాస్ అని చెప్పి ఏదో మందు ఇచ్చి పంపేశారట. ఇంటికి పోతుండగా చెరువుల మధ్య రోడ్డు మీద, ఆటోలోనే కాన్పు అయిపోయింది. బిడ్డ ఊపిరి తీసుకోలేదు. ఒళ్లంతా రక్తంతో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి చేతిలో పాత చీర ముక్కలో చుట్టిన బిడ్డ ఉంది. ఎవరికీ ఇవ్వనంది.

మేడం రక్తస్రావం ఆపి, ప్రాణం కుదుటపడ్డాక, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"గ్యాస్ అన్నవాళ్లు చెయ్యి పెట్టి చూశారా అమ్మా నిన్ను?"

"లేదండీ. బల్ల అవతలే కూర్చుని రాసిచ్చేశారండి."

"ఏమీ అడగలేదా?"

"ఏం తిన్నావని అడిగారండి."

మేడం ముఖం ఎర్రగా అయిపోయింది. ఆ అమ్మాయి దుప్పటి సర్ది లేచారు. బయటికి వచ్చి నాతో అన్నారు: "నెలన్నర ముందు ఈ అమ్మాయిని లోపలి స్కాన్ చేసి ఉంటే తెలిసేదేమో. కనీసం నొప్పులు మొదలైనప్పుడైనా ఆస్పత్రిలో పెట్టుకుని, బిడ్డ ఊపిరితిత్తులకి బలం వచ్చే ఇంజెక్షన్ ఇచ్చి, పసిపిల్లల యూనిట్ ఉన్న చోటికి పంపి ఉంటే ఈ బిడ్డ బతికేదేమో. ఈ 'ఏమో'లు నాకొద్దు. నాకు తెలియాలి."

అలా మొదలైంది. గర్భసంచి మూతి నెలలు నిండేదాకా పొడుగ్గా, గట్టిగా మూసుకుని ఉండాలి. కొందరిలో అది ముందే పొట్టిగా అయిపోతూ వస్తుంది. బయటికి ఏ నొప్పీ ఉండదు. ఐదో నెలలో లోపలి నుంచి స్కాన్ చేసి దాని పొడుగు కొలిస్తే, ఎవరికి ముందు కాన్పు ప్రమాదం ఎక్కువో కొంతవరకు పట్టుకోవచ్చు. పెద్ద ఊళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. అయితే కొల్లేటి చుట్టూ చెరువుల మీద, షెడ్డుల్లో, రోజంతా నిలబడి, బరువులెత్తి పనిచేసే ఆడవాళ్ల సంగతి ఏమిటి? వాళ్లలో ఇంతమందికి నెలలు నిండకుండానే ఎందుకు కాన్పులవుతున్నాయి? ఆ కొలతతోపాటు ఇంకేం చూడాలి? మేడం అడిగిన ప్రశ్నలు ఇవే. పరిశోధనకు కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, ఆస్పత్రిలో మెట్ల పక్కన ఉన్న చిన్న గది అడిగి తీసుకున్నారు. మూతి పొట్టిగా కనిపించినవాళ్లకి లోపల పెట్టుకునే మాత్రలు ఇచ్చి, మళ్లీ మళ్లీ పిలిపించి చూసేవారు. "చూసి ఊరుకునే పరిశోధన నాకొద్దు" అనేవారు.

ఆ గది ముందు బెంచీ మీద షెడ్డు ఆడవాళ్లు కూర్చుంటే, వాళ్ల చేతులకు రొయ్యల వాసన వస్తోందని వరండాలో మిగతా పేషెంట్లు ముక్కు మూసుకునేవారు. ఆఫీసు నుంచి ఒకసారి మనిషి వచ్చి, "మేడం గారూ, వీళ్లని వెనక గేటు నుంచి రమ్మంటే బాగుంటుందండీ" అన్నాడు. మేడం ఆ మర్నాటి నుంచి తను ముందు గేటు దగ్గరే నిలబడి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు అలా చేశాక ఆఫీసు వాళ్లు నోరెత్తలేదు.

మరి గది ఎందుకు పోయింది? చైర్మన్ గారి కోడలి వల్ల పోయిందని ఆస్పత్రిలో చెప్పుకుంటారు. ఆ అమ్మాయి వల్ల కాదు. ఆ అమ్మాయిని ఇంట్లోవాళ్లెవరూ ఏమీ అడగనేలేదు.

కోడలికి అప్పటికి తొమ్మిదో నెల ఇంకా రాలేదు. చైర్మన్ గారు మేడం గదిలోకి వచ్చి కూర్చున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

"వచ్చే శుక్రవారం దివ్యమైన ఘడియ ఉందంటండీ. అది దాటితే అలాంటి నక్షత్రం మళ్లీ రాదంట. నొప్పులు తెప్పించేయండి మేడం గారూ."

"నక్షత్రం రెడీగానే ఉందండి. మీ కోడలి ఒళ్లే రెడీగా లేదు" అన్నారు మేడం.

ఆయన నవ్వారు. మేడం నవ్వలేదు. "నిన్న పరీక్ష చేశానండి. సంచి మూతి గట్టిగా మూసుకుని ఉంది. ఇప్పుడు డ్రిప్ పెట్టి నొప్పులు తెప్పిస్తే ఆ అమ్మాయి రోజంతా నరకం పడుతుంది, చివరికి ఆపరేషనే అవుతుంది. బిడ్డ ఊపిరితిత్తులకి ఇంకా టైం కావాలి. తల్లీ బిడ్డా బాగున్నప్పుడు నేను ఆ పని చెయ్యను."

"అందరూ చేస్తున్నారు కదండీ."

"అందుకే నాకు ఇంత పని దొరుకుతోందండీ."

నొప్పులు తెప్పించడానికి మేడం వ్యతిరేకమని తర్వాత ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. తల్లికి బీపీ ప్రమాదంగా పెరిగినప్పుడు, రోజులు దాటిపోయినప్పుడు, ఉమ్మనీరు పోయాక నొప్పులు రానప్పుడు ఆవిడే తెప్పించేవారు. ముందు మూతిని మెత్తబరిచి, బిడ్డ గుండె చప్పుడు వింటూ, తల్లి పక్కనే కూర్చుని, తొందర లేకుండా చేసేవారు. "నొప్పులు ఎవరైనా తెప్పించగలరు. ఆవిడ ఒంటిని అడక్కుండా తెప్పిస్తే అది వైద్యం కాదు, దౌర్జన్యం" అని మాకు చెప్పేవారు.

శుక్రవారం నాడు మేడంని పక్కన పెట్టి, వేరే డాక్టర్ని బయటి నుంచి రప్పించారు. మేడం చెప్పినట్టే అయింది. పొద్దున్న పెట్టిన డ్రిప్ మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంది. అమ్మాయి కేకలు మెట్ల దాకా వినపడ్డాయి. మూతి తెరుచుకోలేదు. బిడ్డ గుండె తగ్గడం మొదలయ్యాక హడావుడిగా ఆపరేషన్ చేశారు. అప్పటికి ఆ దివ్యమైన ఘడియ ఎప్పుడో దాటిపోయింది. బాబుకి ఊపిరి అందక గాజుపెట్టెలో పెట్టారు. చాలా రోజులు పోరాడి బతికాడు. ఆ రోజులన్నీ మేడం ఆ కోడలి దగ్గరికి రోజూ వెళ్లి కూర్చున్నారు. "నేను చెప్పాను కదా" అని ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

అనకపోయినా చైర్మన్ గారికి మేడం ముఖం చూసినప్పుడల్లా అదే వినిపించి ఉంటుంది. కొద్ది వారాలకే, స్కాన్ మిషన్ టైం వృథా అవుతోందని, ఆ గది ల్యాబు సామాన్లకి కావాలని చెప్పి తాళం వేయించారు. ఐదో నెలలో, ఆరో నెలలో ఉన్న ఆడవాళ్లు బెంచీ మీద కూర్చుని ఉండగానే వేశారు. వాళ్లలో మళ్లీ గర్భవతి అయిన నాగమణి కూడా ఉంది. ముందు వారమే ఆ అమ్మాయికి మూతి పొట్టిగా అవుతోందని తెలిసింది.

మేడం ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేశారు. గేటు దగ్గర నాతో ఒక్కటే అన్నారు: "నన్ను పొమ్మంటే పోతాను. వాళ్లని ఎక్కడికి పొమ్మంటారు?"

స్కాన్ మిషన్ ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కడుపులో ఆడపిల్లలని చంపేవాళ్ల వల్ల వచ్చిన చట్టం అది, ఉండాల్సిందే. మేడం కూడా దాన్ని ఏమీ అనలేదు. ఆఫీసుల చుట్టూ ఓపిగ్గా తిరిగి, కలిదిండిలో ఒక డాబా కింది గదికి అనుమతి తెచ్చుకున్నారు. అది వచ్చేదాకా నాగమణిని, అప్పటికే ఏలూరు పనితోపాటు తాడేపల్లిగూడెంలో స్కాన్ అనుమతితో నేను నడుపుతున్న క్లినిక్‌కి పిలిపించి చూసేవారు. కాలవ గట్ల మీద, ఏసీ పనిచేయని తన పాత కారులో ఆవిడే ఎక్కించుకుని వచ్చేవారు. ఆవిడ డ్రైవింగ్ అధ్వాన్నం. "కారు దిగాక నొప్పులు వస్తాయేమోనని భయపడ్డానండీ" అని నాగమణి నాతో అంటే మేడం పగలబడి నవ్వారు.

షెడ్డు మేనేజర్ దగ్గరికి వెళ్లి నాగమణిని కూర్చుని చేసే పనిలో పెట్టించారు. ఏం చెప్పి ఒప్పించారో తెలియదు గానీ, ఆ రోజు షెడ్డు బయటి రోడ్డు దాకా ఆవిడ గొంతు వినపడిందట. ఎనిమిదో నెలలో నొప్పులు వచ్చాయి. ఈసారి ఎవరూ గ్యాస్ అనలేదు. ఊపిరితిత్తుల ఇంజెక్షన్ అందింది, పసిపిల్లల యూనిట్ ఉన్న చోటికి వేళకి చేరింది. పాప చిన్నగా పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. మేడం గోడకి ఆనుకుని కళ్లు మూసుకోవడం అప్పుడే చూశాను.

ఆవిడ పరిశోధన పూర్తి కాలేదు. ఇది కూడా చెప్పాలి. మూతి పొట్టిగా ఉన్నవాళ్లందరికీ ముందు కాన్పు కాలేదు. బాగుందనుకున్న కొందరికి అయింది. ఎందుకో ఇంకా తెలియదు. "అందుకే కదా ఇంకా చూడాలి" అంటుండగానే క్యాన్సర్ వచ్చింది. మందుల నీరసంలోనూ గురువారాలు కలిదిండి గదికి వెళ్లి ఆడవాళ్లని చూడడం మానలేదు. సగంలో ఆగిన ఆ పనిని పట్టుకుని తన ఘనత అని ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆపినవాళ్లు ఇప్పుడు ఫ్లెక్సీ మీద చెప్పుకుంటున్నారు.

వాళ్లే సంతాప సభ కూడా పెట్టారు, ఆస్పత్రి మీటింగ్ హాల్లో. చైర్మన్ గారు మైకు ముందు కళ్లు తుడుచుకుని, "నాకు తోడబుట్టిన అక్క లాంటివారు. ఆవిడ అడిగింది ఈ సంస్థ ఏనాడూ కాదనలేదు" అన్నారు. నా ఒళ్లు మండిపోయింది. వెనక వరసలో నాగమణి లేచి, "నేనొక మాట చెప్పాలండీ" అంది. సభ నడిపిస్తున్న కుర్రాడు, "టైం లేదమ్మా. భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నాడు. నేను లేచి ఏదో అనబోయాను. ఇంతలో ముందు వరసలోంచి చైర్మన్ గారి కోడలు లేచింది. స్టేజీ ఎక్కి మైకు తీసుకుంది.

"మామయ్య గారూ, ఆవిడ గదికి తాళం వేయించింది మీరే కదండీ" అంది.

మైకు కోసం కుర్రాడు చాచిన చేతిని పక్కకి తోసి, ఆ అమ్మాయే మళ్లీ అంది.

"ఆ శుక్రవారం అందరూ గడియారం చూసుకున్నారు. అంతకుముందు పరీక్ష చేసినప్పుడు నీకేం కావాలమ్మా అని నన్ను అడిగింది ఆవిడొక్కరే. అప్పుడు చెప్పడానికి నాకు నోరు రాలేదు." అంతే అని, కిందికి దిగి, వెనక్కి నడిచి, మైకు నాగమణి చేతికి ఇచ్చింది.

నాగమణి పొగడ్తలేమీ చెప్పలేదు. "ఆ గది మళ్లీ ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగింది.

"చూద్దామమ్మా. బోర్డులో మాట్లాడి చెప్తాం" అన్నారు చైర్మన్ గారు.

"చూద్దామంటే ఎలాగండీ? మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల."

ఆయన భోజనాల వైపు వెళ్లిపోయారు. మర్నాటికి ఫ్లెక్సీ తీసేశారు. గది మాత్రం ఈ మాటలు రాసే రోజుకి కూడా తెరవలేదు. నాగమణి చెల్లిని నేను గూడెంలో చూశాను, ప్రస్తుతానికి బాగానే ఉంది. కలిదిండి గది అనుమతి నా పేరు మీదకి మార్పించుకోవడానికి తిరుగుతున్నాను. అయ్యేదాకా షెడ్డు ఆడవాళ్లు ఇంత దూరం రావాలి. రాలేనివాళ్లు ఎంతమందో నాకు తెలియదు. అది తలుచుకుంటే ఏలూరు వెళ్లి ఆ తాళం పగలగొట్టాలనిపిస్తుంది.

సభ గురించి ఇంత రాశాక అంత్యక్రియల గురించి కూడా చెప్పాలి. అవి గూడెంలోనే, మేడం పోయిన రోజు మధ్యాహ్నం జరిగాయి. శవం ఇంటి నుంచి బయల్దేరుతుండగా చేపల లోడు వేసే ఐసు వ్యాను ఒకటి వీధి మొదట్లో ఆగింది. వెనక తలుపు తెరిస్తే లోపల ఆడవాళ్లు. కబురు అందగానే పనిలోంచి అలాగే వచ్చేశారు. తలకి ప్లాస్టిక్ టోపీలు, కాళ్లకి రబ్బరు బూట్లు. వాళ్లతో నాగమణి, చంకలో పాప.

వీధి చివర మేడం బంధువుల్లో ఒక పెద్దాయన అడ్డం నిలబడ్డారు. "ఆడవాళ్లు ఇక్కడిదాకేనమ్మా. శ్మశానానికి రాకూడదు" అన్నారు. ఆ మాట విని నేనూ ఆగిపోయాను.

నాగమణి ఆగలేదు. "ఆవిడ మమ్మల్ని గుమ్మం బయట ఎప్పుడైనా ఆపారాండీ?" అంది, నెమ్మదిగానే. ఆ పెద్దాయన మేడం తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు తల దించుకుని, రమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

పాడె వెనక వాళ్లు నడిచారు. నేనూ నడిచాను. ఐసు కరిగిన నీళ్లలో నిలబడి వచ్చిన బూట్లు. కాలిపోతున్న సిమెంటు రోడ్డు మీద ఒక్కో అడుగూ తడిగా పడుతోంది. ఎండకి ఆ తడి ముద్రలు అంచుల నుంచి ఆరిపోతూ వస్తున్నాయి. పూర్తిగా ఆరేలోపే వెనక వచ్చే ఇంకో అడుగు అక్కడే పడి, మళ్లీ తడి చేస్తోంది.